సమ్మె హక్కు: పెరంబూరు మిల్లుల నుంచి ఆర్టీసీ డిపోల దాకా

సమ్మె చేయించాడని కార్మిక నాయకుడి మీద యాజమాన్యం నష్టపరిహారం దావా వేయగలిగిన రోజులు ఒకప్పుడు మన దేశంలో ఉండేవి. మద్రాసు పెరంబూరులోని బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల్లో కార్మికులకు మధ్యాహ్నం దొరికే విరామం అరగంట. ఆ కాస్త వ్యవధిలోనే చేతులు కడుక్కుని, నాలుగు ముద్దలు మింగి, మళ్లీ మర దగ్గరికి చేరాలి. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు ఈ అవస్థను అనీబిసెంట్ సహచరుడు బి.పి. వాడియా చెవిన వేశారు. 1918 ఏప్రిల్‌లో ఆయన అధ్యక్షుడిగా మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది.

1920 చివర్లో గొడవ ముదిరి లాకౌట్ దాకా వచ్చింది. పనివాళ్లను ఒప్పందం మీరేలా ఉసిగొల్పారంటూ మిల్లుల యజమాని బిన్నీ కంపెనీ వాడియా మీద హైకోర్టుకెక్కి ఇంజంక్షన్ తెచ్చుకుంది. చివరికి కుదిరిన రాజీలో ఆయన యూనియన్ నుంచి తప్పుకోవలసి వచ్చింది. సంఘం పెట్టుకోవచ్చు, పని ఆపమంటే మాత్రం దావా! ఈ చిక్కు తీర్చే చట్టం కావాలని 1921లో కేంద్ర శాసనసభలో ఎన్.ఎం. జోషి తీర్మానం పెట్టారు.

అలా వచ్చిందే 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం. రిజిస్టరైన సంఘాలకు అది కుట్ర కేసుల నుంచి, సివిల్ దావాల నుంచి రక్షణ ఇచ్చింది. ఇచ్చింది రక్షణే, సమ్మె హక్కు అని ఎక్కడా అనలేదు. తరవాతి వివాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

1947 పారిశ్రామిక వివాదాల చట్టం రైల్వే వంటి ప్రజోపయోగ సేవల్లో ముందస్తు నోటీసు తప్పనిసరి చేసింది. నోటీసు అందిన తరవాత రాజీ చర్చలు జరపాలి, చర్చలు నడుస్తుండగా సమ్మె కూడదు. ఇలాంటి మెలిక ఉన్నచోట చట్టబద్ధమైన సమ్మె అరుదు కావడంలో వింత లేదు. రాజీ కుదరని వివాదాలను తేల్చే ట్రైబ్యునళ్ల తీర్పుల కంటే ఇరుపక్షాలూ ముఖాముఖి తేల్చుకోవడమే మేలన్న కేంద్ర కార్మిక మంత్రి వి.వి. గిరి, బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రైబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేశారు.

సంఘం పెట్టుకోవడం ప్రాథమిక హక్కే గాని సమ్మె అందులో భాగం కాదని 1961లో సుప్రీంకోర్టు తేల్చింది. 2003లో తమిళనాడు ప్రభుత్వం లక్షన్నరకు పైగా ఉద్యోగులను తొలగించిన కేసులో, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే నైతిక హక్కూ లేదంది. చట్టం మాట చెబితే సరిపోయేచోట నీతి ఊసెందుకన్న విమర్శ సబబుగానే ఉంది.

2019లో తెలంగాణ ఆర్టీసీలో దాదాపు 48 వేలమంది 52 రోజులు బస్సులెక్కలేదు. అక్టోబర్ 5 సాయంత్రం 6 గంటల్లోగా డ్యూటీకి రానివాళ్లు తమను తామే తొలగించుకున్నట్టని ప్రభుత్వం అంది. నవంబర్ చివర్లో అదే ప్రభుత్వం వాళ్లను మళ్లీ పనిలోకి పిలిచింది.

2020లో చేసి, 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ నోటీసు నిబంధనను ప్రజోపయోగ సేవలకే కాక పారిశ్రామిక సంస్థలన్నిటికీ వర్తింపజేసింది. సగం మంది కార్మికులు ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా, ఇప్పుడది సమ్మె కిందే లెక్క.