యాత్రాకథనము – దాని జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



దేశాటనము వలన జ్ఞానము కలుగునని పెద్దలు చెప్పిరి. ధనము కలుగునని చెప్పిన వారు తక్కువ. అయినను తాను చూచి వచ్చిన క్షేత్రమును, కొండను, జలపాతమును నలుగురికి వర్ణించి, ఆ వర్ణన వలననే నాలుగు రూపాయలు గడించి, ఆ రూపాయలతో మరియొక ఊరు చూచి రావలెనను కోరిక నేటి యువకులలో పెరుగుచున్నది. ఇండ్లలో తండ్రులు దీనిని విని విసుగుకొనుచున్నారు. విసుగుకొనుటకు ముందు లెక్క చూచుట న్యాయము. కోరిక చెడ్డది కాదు. తిరుగక మగవాడు చెడునని మన సామెతయే చెప్పుచున్నది. (ఆ సామెతలో స్త్రీని గూర్చిన సగమును పోతం జానకమ్మగారు ఏనాడో కొట్టివేసిరి. ఆమె ఇంగ్లండు పోయి వచ్చి తెలుగున వ్రాసిన వృత్తాంతము 1876లో ఆంగ్లమునకు కూడ ఎక్కినది.)

గ్రామపు లెక్కలలో జమపద్దు వ్రాయునపుడు మొత్తము ఎంత అని మాత్రమే వ్రాసిన చాలదు. ఏ బాపతు అని కూడ వ్రాయవలెను. శిస్తు బాపతా, నీటి తీరువ బాపతా, జరిమానా బాపతా అన్నది తెలియని జమ జమ కాదు, చిక్కు. యాత్రను చెప్పి బ్రతుకవలెనన్న వాని విషయమునను మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే. ఆ రూపాయి ఎవరిచ్చిరి? దేనికొరకిచ్చిరి?

మన సాహిత్యములో ఊరూరు తిరిగి, చూచినదానిని చెప్పి, దానివలన జీవించిన వారిలో శ్రీనాథుని మించిన వాడు లేడు. కొండవీడు, రాజమహేంద్రవరము, విజయనగరము అతని పాదముల క్రింద నలిగిన దారులు. భీమఖండమున కాశిని విడిచిన వ్యాసుని దక్షారామమునకు నడిపించుచు మన పిఠాపురమును గూడ ఆ దారిలో చూపెను. ఆ గ్రంథము బెండపూడి అన్నయామాత్యున కంకితము. కాశీఖండము వీరభద్రారెడ్డి కంకితము. బాపతు స్పష్టముగా నున్నది: ప్రభువు మెప్పు. ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకము జరిగినదన్నంత గొప్ప జమ మరియొక తెలుగు కవి చిఠాలో కానరాదు.

అయితే అతని పేర వాడుకలో నున్న చాటువులను చూడుడు. పలనాటి కూడును, నీటిని, ఎండను అతడు దులిపివేసిన తీరు చూడుడు. వాని కెవరును మాడ ఇచ్చి యుండరు. ఇచ్చినవాడు లేడు గనుకనే అవి అంత నిజముగా నున్నవి. ప్రభువు లిచ్చిన చోట క్షేత్రమంతయు స్వర్గతుల్యము. ఎవరును ఈయని చోట జొన్నకూడు జొన్నకూడే. ఇక చివరి పద్దు: కృష్ణాతీరమున బొడ్డుపల్లె గుత్తకు తీసికొని, పంట ఏటిపాలై, ఏడువందల టంకములు బాకీపడెనని ఆ చాటువులే చెప్పుచున్నవి. కనకాభిషేకము చేయించుకొన్న వాడు శిస్తు బాకీదారుడై పోయెనన్న మాట చదివినపుడు లెక్కలు వ్రాయువాని చేయి ఒక్క క్షణము ఆగును.

అంతటి పాతకాలమునకు పోనక్కరలేదు. మన గోదావరి మండలములలోనే కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు, యండగండిలో జన్మించిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు జంటగా బయలుదేరి గద్వాల, ఆత్మకూరు, వనపర్తి మొదలగు సంస్థానములు తిరిగి అవధానములు చేసి సన్మానములు పొందిరి. ఆ సందర్శనముల పద్యములే ‘నానారాజసందర్శనము’ అను గ్రంథమైనవి. యాత్రయే వృత్తి, వృత్తియే గ్రంథము. కాని సన్మానము నెలజీతము కాదు. దర్శనము దొరకక ద్వారమువద్ద వేచియుండు దినములకు పద్దు లేదు. వేంకటశాస్త్రిగారు పిమ్మట బందరులో ఉపాధ్యాయ పదవి నంగీకరించిరి. ఆ మహాకవికే స్థిరమైన అన్నము పాఠశాల పెట్టినది గాని ప్రయాణము పెట్టలేదు. పిమ్మట జమీందారీలు పోయి ఆ ఖాతా శాశ్వతముగా మూతపడినది.

ఇక ఏనుగుల వీరాస్వామయ్యగారు. తెలుగున యాత్రాగ్రంథమనిన వెంటనే స్ఫురించునది ఈయన కాశీయాత్రచరిత్రయే. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండి, 1830 మే 18వ తేదీన బయలుదేరి, తిరుపతి, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథము చూచుకొని, మన తీరపు దారిన దిగి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. పదునైదు మాసములకు పైగా సాగిన ప్రయాణము. వెంట పెద్ద పరివారము, పల్లకీలు, బోయీలు, డేరాలు. ఖర్చంతయు స్వంతము. దారిలో చూచినదెల్ల మిత్రులైన కోమలేశ్వరపురపు శ్రీనివాసపిళ్లగారికి జాబులుగా వ్రాయుచు వచ్చిరి.

ఏమి వ్రాసిరి? ఏ మజిలీ తరువాత ఏ మజిలీ, వాని మధ్య ఎన్ని ఆమడలు, దారి రాతిదా రేగడిదా, ఊరిలో బజారున్నదా, నీళ్లు మంచివా, దిగుటకు వసతి యున్నదా. దేవుని మహిమ నెంత భక్తితో వ్రాసిరో బావి నీటిని అంత శ్రద్ధతో వ్రాసిరి. హైదరాబాదు వీథులలో జనులు ఆయుధములు ధరించి తిరుగుట వ్రాసిరి. ఆ కాలమున ప్రయాగ, గయ, జగన్నాథములలో కుంఫిణీవారు యాత్రికుని వద్ద సుంకము పుచ్చుకొనుచుండిరి. 1840లో గాని అది రద్దు కాలేదు. అట్టి దినములలో ముందు పోయినవాడు వెనుక వచ్చువానికి వ్రాసి పెట్టిన ఒక్క వాక్యము ఒక మొహరీకి సమానము.

ఈ గ్రంథము వలన ఆయనకు వచ్చిన జమ ఎంత? సున్న. ఆయన 1836లో కీర్తిశేషులైరి. పిళ్లగారు జాబులను కూర్చి 1838లో అచ్చు వేయించిరి. 1869లో రెండవమారు అచ్చైనది. 1941లో బెజవాడ న్యాయవాది దిగవల్లి వేంకటశివరావుగారు పరిష్కరించి మరల వెలువరించిరి. నేటికిని ఆనాటి తెలుగుదేశపు దారులను గూర్చి ఎవరు వ్రాయవలసినను ఈ పుటలనే తిరుగవేయుదురు. వ్రాసినవాని చేతికి ఒక్క కానీ అందలేదు.

ఇచ్చట ఒక చిక్కు ప్రశ్న కలదు. వీరాస్వామయ్యగారు ఉన్నదున్నట్లు వ్రాయగలిగినది ధనమును కోరనందు వలననా, ధనము ముందే కలవారగుట వలననా? నిజము చెప్పవలెనన్న రెండవదే. నెలజీతము వచ్చు ఉద్యోగి నిర్భయముగా వ్రాయుటలో వింత లేదు. బస్సు చార్జీకి తండ్రిని యాచింపవలసిన కుర్రవానికి ఆయనను ఆదర్శముగా చూపి ‘నీవును ఇట్లే వ్రాయుము’ అని చెప్పి ఇంటికి పోవుట పెద్దరికము కాదు.

రాహుల్ సాంకృత్యాయనులు ఈ చిక్కును దాచలేదు. ఇల్లు విడిచి టిబెట్టు, సింహళము, రష్యా తిరిగిన ఆ పండితుడు హిందీలో సంచారులకొరకే ఒక శాస్త్రము వ్రాసెను. అందు యాత్రాగ్రంథములు అమ్మి బ్రతుకుమని ఆశ పెట్టుటతో సరిపుచ్చక, సంచారికి చేతిపని యొకటి వచ్చి తీరవలెనని, క్షౌరము వంటి వృత్తి నేర్చినవానికి ఏ దేశమునను అన్నము దొరకునని చెప్పెను. ఇన్ని భాషలు తెలిసినవాడు మంగలికత్తిని సిఫారసు చేయుట చూచి నవ్వవచ్చును. నవ్విన పిమ్మట ఆలోచింపవలెను. మనవారిలో మాచవరపు ఆదినారాయణగారు కాలినడకను దేశము తిరిగి ‘భ్రమణకాంక్ష’ వ్రాసిరి. వారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున చిత్రకళాశాఖలో ఆచార్యులుగా పనిచేసిరి. అచ్చటను అన్నము ఒకచోట, నడక ఒకచోట.

అట్లయిన కథనము వలననే వచ్చు ధర్మమైన జమ లేదా? కలదు. జర్మనీ దేశమున కార్ల్ బెడెకర్ అను పుస్తక వ్యాపారి 1827లో దుకాణము పెట్టి, యాత్రికులకు దారిచూపు పుస్తకములు అచ్చువేసెను. పూటకూళ్ల యిండ్లకు తన పేరు చెప్పక పోయి, తిని, డబ్బిచ్చి, మంచిదానికి నక్షత్రపు గుర్తు పెట్టెడివాడు. ఆ గుర్తు డబ్బుకు అమ్మబడదు. మిలాను నగరపు గొప్ప ఆలయము ఎక్కుచు మెట్లు లెక్క తప్పకుండుటకు ఇరువదేసి మెట్లకు ఒక బఠాణీగింజ చొప్పున ఒక జేబునుండి మరియొక జేబులోనికి మార్చుకొనెనని ఒక కథ కలదు. ఆతని వంశమువారు 1914లో మన హిందూదేశమునకు గూడ ఒక పుస్తకము వేసిరి. ఆ ఇంటికి డబ్బిచ్చినవాడు చదువరి. చదువరి డబ్బు చదువరి బాపతునకే చెల్లినది.

మన కొలతలో దీనిని చూతము. ఒక కుర్రవాడు క్షేత్రయాత్రకు 4,800 రూపాయలు ఖర్చు పెట్టి చిన్న పుస్తకము వ్రాసినాడనుకొందము. వెల 45 రూపాయలు. అచ్చునకు ప్రతికి 24, అమ్మిపెట్టు దుకాణమునకు మూడవవంతు 15. మిగులు 6. అనగా 800 ప్రతులు పోయిననే గాని యాత్రాఖర్చు తిరిగి రాదు. తొమ్మిదివందలవ ప్రతి వేళకు ఆరువందల రూపాయలు లాభము. అమ్ముడుపోని కట్టలు అటకమీద నున్న యెడల వానిని చెదలు జమకట్టుకొనును.

నేడు కాగితము లేకయే, చేతిలోని ఫోనుతోనే యాత్రను వ్రాసి, చూపి, లోకమునకు పంపవచ్చును. అచ్చుఖర్చు లేదు. కాని చదువరియు డబ్బీయడు. చదువరి కన్నులను ప్రకటనకర్తకు చూపినందులకు వచ్చునది వేయి చూపులకు లెక్కగట్టబడును. చూచువారు కొద్దిమంది అయిన చిన్నవానికి అది తమలపాకుల ఖర్చునకు చాలదు. అప్పుడు రెండవ ద్వారము తెరచుకొనును. ‘మా వసతిగృహమున రెండు దినములు ఉచితముగా నుండి నాలుగు మంచి మాటలు వ్రాయుడు’ అని పిలుపు వచ్చును. పడిపోవునది ఇచ్చటనే. ఆ గదిలో నల్లులున్నవని వ్రాయు కలము ఆనాడు లేవదు. అతని మాట నమ్మి పిల్లలతో, వృద్ధమాతతో ఆ గదిలో దిగిన యాత్రికుడు ఆ ఉచితమునకు వెల చెల్లించును.

ప్రభుత్వము వారును ఈ సంగతి గమనించిరి. వ్యాపారమున గాని వృత్తిలో గాని పుచ్చుకొనిన ఉచిత లాభము ఏటికి 20,000 రూపాయలు దాటిన, ఇచ్చినవారు దానిపై నూటికి పది చొప్పున ఆదాయపుపన్ను పట్టి కట్టవలెనను నిబంధన 2022 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. పుచ్చుకొని పొగడువారు ఆ సంగతిని బాహాటముగా తెలుపవలెనని 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారముల శాఖవారు సూచనలు వెలువరించిరి. అనగా తిన్న భోజనము కూడ జమయే. దానికిని బాపతు వ్రాయవలసినదే.

ఇక మన ఊరి సంగతి. గయాసురుని శిరస్సు గయలో, నాభి జాజ్‌పూరులో, పాదములు పిఠాపురమున అని పురాణప్రసిద్ధి. పాదగయలో పితృకార్యమునకు, కుక్కుటేశ్వరుని, పురుహూతికాదేవిని, కుంతీమాధవుని సేవించుటకు, శ్రీపాద శ్రీవల్లభుల జన్మస్థలమని దత్తభక్తులై దూరదేశములనుండి రైలు దిగు జనము ప్రతిదినము కలదు. పరుల ప్రయాణము మీద బ్రతుకుట ఈ ఊరికి క్రొత్త కాదు. పురోహితుడు, బండివాడు, పూవులమ్మునది, పూటకూళ్లవాడు అందరును దానివలననే జీవించుచున్నారు. స్థలపురాణము లమ్ముదురు, అందు మహిమలు చెప్పబడును. మహిమ చెప్పుటకు వ్యాసుడున్నాడు, శ్రీనాథుడున్నాడు.

స్టేషనునుండి గుడికి ఆటోవాడు అడుగవలసిన న్యాయమైన కిరాయి ఎంత, పిండప్రదానమునకు కావలసిన వస్తువులేవి, వాని వెల యెంత, శివరాత్రినాడు క్యూ ఎచ్చట మొదలగును, నడువలేని ముదుసలిని పుష్కరిణి మెట్లు ఎట్లు దింపవలెను, సామర్లకోట కుమారారామమునకు బస్సు ఎప్పుడు, ఉప్పాడ జాందానీ నేతగాని మగ్గమువద్దనే చీర కొనుట ఎట్లు, సముద్రము కోసివేసిన ఉప్పాడ తీరపుదారి ఈ వానకాలమున సాగునా సాగదా అని చెప్పు చిన్న పుస్తకము కావలెను. మెట్లు లెక్కించుటకు బఠాణీలు మన బజారులోనే దొరకును. గ్రంథాలయమున కాశీయాత్రచరిత్ర యున్నది. దానిని తీసికొనిపోయిన వారు తిరిగి ఇచ్చినచో, మజిలీ ఎట్లు వ్రాయవలెనో చూచి నేర్చుకొనవచ్చును. వెల ఎంత పెట్టవలెనో అచ్చుకూటము వారిని అడిగి నిర్ణయింపవచ్చును. అందు మెచ్చుకొనబడు పూటకూళ్ల యింటిలో భోజనమునకు డబ్బు చెల్లించినట్లు రసీదు మాత్రము, వ్రాయుటకు ముందే తీసికొని దాచవలెను.