కొంటాలో నేర్చుకున్న పుట్టగొడుగుల టార్ట్
(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



వంట గురించి మాట్లాడమని ఫోను వచ్చినప్పుడు మా ఆవిడకు ఇవ్వబోయాను. కాదు, మీరే మాట్లాడాలి అన్నారు. నేను చేసే వంట నాలుగు రకాలు. అన్నం, పప్పు, ఆమ్లెట్, పుట్టగొడుగులూ చీజూ పెట్టిన టార్ట్. మొదటి మూడూ మీ అందరికీ వచ్చు కాబట్టి నాలుగోది చెబుతాను. అది ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నేను రాసిన ఒక తప్పుడు వాక్యం గురించి చెప్పాలి.

నేను ఫీల్డ్ ఆఫీసరుగా కొంటాలో పనిచేశాను. ఛత్తీస్‌గఢ్‌కు దక్షిణపు కొస, సుక్మా జిల్లా, శబరి ఒడ్డున ఉన్న ఊరు. 30వ నంబరు జాతీయ రహదారి జగదల్‌పూర్ నుంచి దిగివచ్చి, ఈ ఊరు దాటగానే మన చింతూరు వైపు, భద్రాచలం వైపు వెళ్లిపోతుంది. కొంటా బజారులో తెలుగు బాగా నడుస్తుంది. ఓచరు హిందీలో, బేరం తెలుగులో, వచ్చినవాళ్లు తమలో తాము అనుకునే మాట దోర్లాలోనో గోండీలోనో. కుటుంబం కొత్తగూడెంలో, నేను అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని. మనలో చాలామందికి తెలిసిన జీవితమే.

దగ్గరి పల్లెలో పదిమంది ఆడవాళ్ల పొదుపు సంఘం ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతామని రుణం అడిగింది. అక్కడ వరిగడ్డికి కొదవ లేదు. గడ్డిని నానబెట్టి, వేడినీళ్లలో శుద్ధిచేసి, పాలిథిన్ సంచిలో వరసలు వరసలుగా విత్తనం చల్లి, చీకటిగా తేమగా ఉంచితే రెండు మూడు వారాల్లో సంచి తెల్లబడుతుంది. ఆ తర్వాత కొద్ది రోజులకే కోత. చలికాలం బాగా కుదురుతుంది. సంఘం పాతది, పొదుపు క్రమంగా కడుతోంది. ఈ మొత్తానికి హామీ అడగనక్కర్లేదు. అప్రైజల్‌లో అన్నీ సరిగ్గానే రాశాను. చివర, మార్కెట్ గడి దగ్గర, “స్థానికంగా అమ్మకానికి అవకాశం ఉంది” అని రాశాను. ఎవరినీ అడగలేదు. బస్తర్‌లో పుట్టగొడుగులంటే పడిచస్తారు కదా అని రాసేశాను.

పడిచచ్చేది నిజమే. వానాకాలం మొదట్లో సాల చెట్ల కింద మట్టిలోంచి తీసే బోడా జగదల్‌పూర్ బజారులో కిలో వెయ్యి దాటి పలుకుతుంది. ఆ చెట్టు వేళ్లతో కలిసి బతికేది కాబట్టి దాన్ని సంచిలో పెంచలేం. మనం పుట్టగొడుగు అనే పేరు పెట్టుకున్న అసలు రకం చెదపురుగులు తమ పుట్టలో తామే సాగుచేసుకునే బూజు నుంచి వస్తుంది. అదీ మన చేతిలో లేదు. వీటి రుచి తెలిసినవాళ్ల ముందు మా సంఘం తెల్లటి మెత్తటి సరుకు పెడితే, “ఇది గడ్డిలో మొలిచిందా?” అని చూసి వెళ్లిపోయారు.

మొదటి కోతకు ఆరు కిలోలు వచ్చింది. అమ్ముడుపోయింది కిలోన్నర. మర్నాడు పొద్దున సంఘం అధ్యక్షురాలు బుట్టతో బ్రాంచికి వచ్చి నా బల్ల మీద పెట్టింది. తిట్టలేదు. “సారూ, మీరు అమ్ముడుపోతాయన్నారు కదా” అంది, అంతే. రెండు కిలోలు కొన్నాను. గదికి తీసుకెళ్లి పాలిథిన్ సంచి ముడేసి ఉంచాను. సాయంత్రానికి చెమటపట్టి, మర్నాటికి జిగురై వాసన. పుట్టగొడుగులో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. మూతపెడితే తన నీళ్లలో తనే కుళ్లుతుంది. కాగితంలోనో పల్చటి గుడ్డలోనో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాలని తర్వాత తెలిసింది.

వారం వారం కొనడం మొదలుపెట్టాను. కూర, వేపుడు, పులావు, మళ్లీ కూర. మా అమ్మాయి ఫోనులో, “నాన్నా, టార్ట్ చేయి. నా పుట్టినరోజుకి తీసుకురా” అంది. టార్ట్ అంటే ఏమిటో అదే చెప్పింది. మైదాతో చేసిన చిన్న గిన్నె, అందులో కూరిన కూర, మీద చీజ్. పఫ్ మూతపెట్టి వస్తుంది, ఇది మూత లేకుండా వస్తుంది. నాకు అర్థమైంది అదే.

పన్నెండు టార్టులకు పావుకిలో మైదా, అందులో సగం, అంటే 125 గ్రాముల వెన్న. వెన్న రాయిలా ఉండాలి. నేను మొదటిసారి మెత్తటి వెన్నతో చపాతీ పిండిలా బాగా పిసికాను. కాలిన తర్వాత సుత్తి కావాల్సి వచ్చింది. వెన్న పిండిలో కరిగిపోకూడదు, చిన్న చిన్న ముక్కలుగా మిగలాలి. పొయ్యి వేడికి ఆ ముక్కలు కరిగిన చోట పొరలు విడి గుల్ల వస్తుంది. కొంటాలో ఫిబ్రవరి చివరికే మధ్యాహ్నం వెన్న నిలబడదు. అందుకే తెల్లవారుజామున లేచి, గడ్డకట్టిన వెన్నను కొబ్బరి కోరినట్టు కోరి, వేళ్ల చివర్లతో మైదాలో కలిపి, మూడు నాలుగు చెంచాల చల్లటి నీళ్లతో ముద్ద దగ్గరకు తెచ్చేవాణ్ణి. పిసకడం లేదు, నొక్కడమే. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పూరీకన్నా కాస్త మందంగా వత్తి, చిన్న స్టీలు గిన్నెల్లో పరిచి, అడుగున ఫోర్కుతో గుచ్చాలి. మీద కాగితం వేసి గుప్పెడు బియ్యం పోసి 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు, బియ్యం తీసేసి మరో అయిదు. ఆ బియ్యం వండుకోవద్దు, డబ్బాలో దాచుకుంటే మళ్లీసారి ఇదే పనికి వస్తాయి.

రెండోసారి గిన్నెలు చక్కగా వచ్చాయి. పుట్టగొడుగులు పచ్చివే తరిగి నింపాను. అడుగంతా నానిపోయి చెంచాతో తినాల్సిన టార్ట్ వచ్చింది. ఇందులో అసలు పని నీళ్లు వెళ్లగొట్టడం. 300 గ్రాముల పుట్టగొడుగులను కడిగి నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిచి, గట్టి కాడ తీసేసి, చేత్తో చీల్చాలి. వెడల్పాటి మూకుడులో పెద్ద మంట మీద నూనె లేకుండానే వేస్తే బుడబుడా నీళ్లు వదులుతాయి. ఆ నీళ్లు ఇగిరి, అడుగు చుయ్యిమనే దాకా ఆగాలి. సరుకు సగమవుతుంది. అప్పుడు వెన్న, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఉల్లిపాయలు, మిరియాల పొడి. ఉప్పు చివర్లో చూసి వేయండి, చీజ్‌లోనే బోలెడుంటుంది. పూర్తిగా చల్లారాక గిన్నెల్లో సర్ది, రెండు గుడ్లు 150 మిల్లీలీటర్ల పాలతో గిలక్కొట్టి పోసి, 100 గ్రాముల చీజ్ కోరి చల్లి, మరో ఇరవై నిమిషాలు. గుడ్డు తిననివారు పాలలో చెంచాన్నర కార్న్‌ఫ్లోర్ కలిపి పొయ్యి మీద చిక్కబరచి పోయొచ్చు. కరెంటు పోతే మందపాటి గిన్నెలో ఉప్పు పరచి, స్టాండు పెట్టి, మూతేసి కాల్చాను. కాస్త ఆలస్యం, అంతే. చీజ్ మాత్రం భద్రాచలం నుంచి వచ్చే బస్సులో తెప్పించుకునేవాణ్ణి, ఐసు సంచిలో చుట్టి.

అడవి పుట్టగొడుగులు వేయొచ్చా అని అడుగుతారు. నేను వేయను. వెండి చెంచా నల్లబడకపోతే మంచిది, పురుగు తింటే మనమూ తినొచ్చు, ఇవన్నీ వట్టి మాటలు. కొన్ని విషపు రకాలు తిన్న ఆరు గంటలకో పన్నెండు గంటలకో గానీ బయటపడవు. అప్పటికి కాలేయం దెబ్బతినడం మొదలై ఉంటుంది. సంఘంలో పెద్దావిడ పుట్టినప్పటి నుంచి అడవిలో ఏరుతోంది. ఆవిడే, అమ్మ చూపించినవి తప్ప ముట్టుకోనంది.

మూడోసారి కుదిరింది. ఆరు అమ్మాయికి తీసుకెళ్లాను, ఆరు సంఘం దగ్గరకు. అప్పటికి రెండు కిస్తీలు ఆగి ఖాతా ఎస్‌ఎంఏ-1లోకి జారింది. ఇవి చేసి అమ్మించొచ్చని నా లెక్క. పెద్దావిడ ఒకటి తిని, పైనున్న పసుపుపచ్చది వేలితో గీరేసి, “ఇది సబ్బులా ఉంది, లోపలిది బాగుంది సారూ” అంది. అందరూ నవ్వారు. ఒక్కో టార్టుకు వెన్న, చీజ్ ఖర్చు వేసి చూపిస్తే, ఈ ఊళ్లో ఇంత పెట్టి ఎవరు కొంటారని వాళ్లే నన్ను ఎదురు అడిగారు. ఈసారి ప్రశ్న ముందే వచ్చింది.

ఒక చిన్నమ్మాయి మాత్రం లోపలి కూర గురించి అడిగింది. నీళ్లు ముందే తీసేస్తే మర్నాటికి ఉంటుందా అని. ఉంటుందన్నాను. ఆ వారమే మిగిలిన కోతను చీల్చి పల్చటి గుడ్డ కింద ఎండబెట్టారు. పది కిలోలు ఎండితే కిలో దాకా మిగిలింది. బరువు పోయింది, తొందర కూడా పోయింది. సంతకు అదే రోజు పరుగెత్తనక్కర్లేదు. పచ్చి సరుకు కోసం చింతూరు వైపు ఒక బేకరీ అతన్ని నేనే వెళ్లి అడిగాను. పఫ్‌లో పెట్టి చూస్తానని రోజు విడిచి రోజు రెండు కిలోలు తీసుకున్నాడు. ఆగిన కిస్తీలు తొంభై రోజులు నిండకుండా వచ్చాయి. ఎండలు ముదిరాక సంచులు ఆపేశారు, మళ్లీ చలికాలానికి మొదలుపెట్టారు. ఈసారి పది సంచులు తగ్గించి.

రెండో ఏడాది రెన్యువల్‌కు అప్రైజల్ నేనే రాశాను. మార్కెట్ గడిలో బేకరీ పేరు, కిలోలు, రేటు రాశాను. గడి చాలక వెనక పేజీలోకి వెళ్లింది.

నా సమయం అయిపోయిందని కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. వెనక బల్ల మీద రెండు ట్రేలున్నాయి. గుడ్డు వేసినవి ఎడమవైపు, వేయనివి కుడివైపు. పొద్దున నాలుగింటికి లేచి చేశాను, చల్లారకముందే తినండి. చీజ్ సబ్బులా అనిపిస్తే గీరేయండి, నేనేమీ అనుకోను.