దెబ్బ ఒక్కరికి, బాకీ ఇంటిల్లిపాదికి

(ఘాలాలో శుక్రవారం జరిగిన సమావేశంలో ఒక సైట్ సూపర్‌వైజర్ మాట్లాడిన మాటలు)

నాకు ఉపన్యాసాలు రావు. డిప్లొమా చదివి సైటు మీద పని చేయించేటోణ్ణి. నేను చేసిన ఒక తప్పు చెప్పడానికే నిలబడ్డాను.

కొన్నేండ్ల కింద నా టీములో ఒక షట్టరింగ్ కార్పెంటర్ ఉండేవాడు. జగిత్యాల దిక్కు మనిషి. నన్ను సారు అనకుండా తమ్మీ అనేటోడు. ఒకరోజు స్కాఫోల్డింగ్ మీంచి జారి మడమల మీద పడ్డాడు. రక్తం రాలేదు. "ఏం కాలేదు తమ్మీ, రాయకు. ఇంటికి పంపిస్తారు. రెండు లక్షల బాకీ ఉంది" అన్నాడు. గేటు దగ్గర ప్రమాదం లేని రోజుల లెక్క బోర్డు ఒకటి ఉండేది. రాస్తే అది సున్నాకు వస్తుంది, నాకు మాట వస్తుంది. నేనూ రాయలేదు. నొప్పి గోలీ ఇచ్చి రూముకు పంపించిన.

లోపల మడమ ఎముక చిట్లింది. సరిగ్గా చూపించుకోక వంకరగా అతుక్కుంది. నాలుగు నెలలకు కుంటుకుంటూ ఊరికి పోయాడు.

సదరం క్యాంపులో వైకల్యం 40 శాతం లేదన్నారు, పింఛను రాలేదు. వచ్చినా తెలంగాణలో నెలకు 4,016 రూపాయలు. రెండు రూపాయల వడ్డీ లెక్కన ఆయన బాకీకి నెలకు 4,000. మిగిలేది పదహారు రూపాయలు. కొడుకు ఇంటర్‌తో చదువు ఆపేసి ఇప్పుడు ఏజెంటు చుట్టూ తిరుగుతున్నాడు.

బాకీ భయంతో దెబ్బ దాచాడు. దాచినందుకు కాలు పోయింది. కాలు పోయినందుకు బాకీ పెరిగింది. ఇప్పుడు అదే బాకీ కొడుకును ఇటు తోలుతోంది.

ఇమిగ్రేషన్ క్లియరెన్సుతో వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రీమియం రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యంతో ఉద్యోగం పోయినా 10 లక్షల బీమా. విజిట్ వీసా మీద వచ్చి పనిలో చేరినోళ్లకు ఆ క్లియరెన్సూ ఉండదు, ఈ బీమా ఉండదు. ఆ అన్నకు బీమా ఉండింది. కానీ పనిలో పడ్డట్టు ఒక్క కాగితం లేదు. ఆ కాగితం రాయాల్సినవాణ్ణి నేనే.

అందుకే నాలుగు మాటలు చెప్తున్నా. చిన్న దెబ్బైనా ఆ రోజే రాయించండి. డాక్టరుకు "పనిలో పడ్డాను" అనే చెప్పండి, రూములో జారానని చెప్పకండి. ప్రతి కాగితం ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చేయండి. బీమా నంబరు, గడువు తేదీ ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి. గడువు అయిపోతే రెన్యువల్ చేయించండి.

ఇక్కడ నాలాంటి సూపర్‌వైజర్లు కూడా ఉన్నారు. మనవాడు వద్దన్నా సరే, రాయండి. అతని చేత వద్దనిపించేది బాకీ. బోర్డు మీద సున్నా పడితే తెల్లారి ఒకటి అవుతుంది. ఆ కాలు మళ్లీ రాదు.

ఆ అన్న ఇప్పటికీ ఫోన్ చేస్తే తమ్మీ అనే పిలుస్తాడు. కొడుక్కి ఏదైనా పని చూడమంటాడు. ఏం చెప్పాలో నాకు తోచడం లేదు.

సెలవు.