సంతకం పెట్టే ముందు అడుగుదాం
(వార్షిక మహాసభలో సమాఖ్య కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, అప్పులు ఎంత అనేది మీ చేతిలో ఉన్న నివేదికలోనే ఉంది. ఆ లెక్కల్లో కనిపించని ఒక్క సంగతి మేము చెప్పాలె. ఈ ఏడు మన సంఘం ఒకటి విరిగిపోయేదాకా పోయింది. వరదొచ్చి కాదు, పని పోయి కాదు. ఫోన్ల చూపించిన కాయిన్ వల్ల.

నాచారం వైపు సంఘంలో ఒక అక్క పిల్లల ఫీజు అని రాయించి 40,000 రూపాయల అప్పు తీసుకున్నది. ఆ పైసలు ఒక కాయిన్ యాప్‌లో పెట్టింది. రోజూ ఫోన్ల అంకె పెరిగేది. మొదటి నెల 2,000 రూపాయలు ఖాతాలో పడ్డయి కూడా. అది చూసి ఇంకో ముగ్గురు చేరిండ్రు. చేర్పించినందుకు ఆమెకు కమిషన్ వచ్చింది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. నాలుగో నెల యాప్ తెరుచుకోలేదు. "నిన్ను నమ్మి పెట్టినం, నువ్వే కట్టు" అని ముగ్గురు. "నేను కూడా మునిగిన కదా" అని ఆమె. రెండు నెలలు మీటింగే జరగలేదు.

మేము మూడుసార్లు కూర్చున్నం. తప్పు ఆమె ఒక్కదానిదే అనలేకపోయినం. ఫీజు కట్టిన రసీదు ఎవరూ అడగలేదు. యాప్ సంగతి లీడర్లకు తెలుసు, అయినా ఊకున్నరు. సమాఖ్య నుంచి మేము కూడా ఆ సంఘం పుస్తకాలు సగం ఏడాది చూడలేదు. ఇది మా తప్పు, మీ ముందు ఒప్పుకుంటున్నం.

చదువుకున్నోళ్లు మోసపోరు అనుకోకండి. గెయిన్‌బిట్‌కాయిన్ అని ఒక స్కీం వచ్చింది. నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తమన్నరు. అంటే నూటికి నెలకు పది రూపాయల వడ్డీ! మనం సంఘంలో రూపాయి వడ్డీకి ఇచ్చుకుంటేనే కట్టడానికి కష్టపడుతం. పది రూపాయలు ఏ వ్యాపారంలో మిగులుతయి? తర్వాత బిట్‌కాయిన్ బదులు వాళ్లే తయారుచేసిన ఇంకో కాయిన్ చేతిలో పెట్టిండ్రు. దాన్ని నడిపిన అమిత్ భరద్వాజ్‌ను 2018 ఏప్రిల్‌లో పూణె పోలీసులు అరెస్టు చేసిండ్రు. 2022లో ఆయన చనిపోయిండు. పైసలు పెట్టినోళ్లు మాత్రం కేసుల చుట్టూ తిరుగుతనే ఉన్నరు.

ఇంకొకటి చెప్తం, ఇది మనకు బాగా దగ్గరి విషయం. వజీర్‌ఎక్స్ అనేది అప్పట్లో మన దేశంలో పెద్ద క్రిప్టో ఎక్స్‌చేంజ్. 2024 జులై 18న దాని ఖజానా నుంచి దాదాపు 23 కోట్ల డాలర్లు, అంటే దగ్గర దగ్గర 2,000 కోట్ల రూపాయల విలువైన కాయిన్లు దొంగలు ఎత్తుకుపోయిండ్రు. ఆ ఖజానాకు ఒక్క సంతకం చాలదు, నలుగురి సంతకం కావాలె. అయినా పోయినయి. ఎందుకంటే తెర మీద కనిపించింది ఒకటి, సంతకం పడింది ఇంకోదాని మీద అని ఆ కంపెనీయే చెప్పింది. ఖజానా కాసే కంపెనీ ఏమో మా దగ్గర లోపం లేదన్నది. అసలు ఎక్స్‌చేంజ్ యజమాని ఎవరు అనే తగాదా 2022 నుంచే ఉన్నది. నష్టం అందరి మీద పంచుతమంటే, మా కాయిన్ పోలేదు కదా, మేమెందుకు భరించాలె అని జనం నిలదీసిండ్రు. సంగతి సింగపూర్ కోర్టుకు పోయింది. ఏడాదికి పైగా ఎవరి కాయిన్లు వాళ్ల చేతికి రాలేదు.

అక్కా, మన బ్యాంకు ఖాతాకు కూడా ఇద్దరు లీడర్ల సంతకాలు కావాలె కదా. మరి ఎంతమందిమి ఖాళీ చెక్కుల మీద ముందే సంతకం పెట్టి ఇస్తలేం? తీర్మానం చదవకుండా వేలిముద్ర వేస్తలేం? చదవని సంతకాలు నాలుగున్నా ఒకటే, నలభై ఉన్నా ఒకటే.

క్రిప్టో మీద సర్కారు 2022 నుంచి 30 శాతం పన్ను తీసుకుంటున్నది. పన్ను వేసిందంటే పూచీ ఉన్నట్టు కాదు. బ్యాంకు మునిగితే డిపాజిట్‌కు 5 లక్షల వరకు బీమా ఉంది. కాయిన్‌కు అది లేదు.

ఇక ఆ సంఘం సంగతి. 40,000 ఆమె కిస్తుల మీద కడుతున్నది. తీసుకున్న కమిషన్ ముగ్గురికి తిరిగి ఇచ్చింది. మిగిలిన నష్టం ఎవరిది వాళ్లదే అని తీర్మానం రాసుకున్నరు. ముగ్గురిలో ఒకామె ఇప్పటికీ ఆమెతో మాట్లాడదు. కానీ మీటింగుకు ఇద్దరూ వస్తున్నరు, ఒకే పుస్తకంలో సంతకం పెడుతున్నరు.

వచ్చే ఏడు నుంచి నాలుగు పనులు చేద్దాం. అప్పు ఏ పనికి తీసుకుంటే ఆ పని రసీదు నెలలోపు చూపాలె. ఖాళీ చెక్కు మీద సంతకం వద్దు. సంఘంలో ఎవరినైనా ఏ స్కీంలోనైనా చేర్పిస్తే, కమిషన్ ఎంతో మీటింగులో చెప్పాలె. సమాఖ్య మూడు నెలలకోసారి పుస్తకాలు చూస్తది. మేము రాకపోతే మీరే మమ్మల్ని నిలదీయండి.

ఆన్‌లైన్‌లో పైసలు పోతే సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930కు ఫోన్ చేయండి, తర్వాత మాకు చెప్పండి. ఎంత తొందరగా చెప్తే అంత ఆశ.

లెక్క అడిగితే నమ్మకం పోతదని కొందరు అంటరు. మన సంఘాలల్లో లెక్క అడిగిన కాడనే నమ్మకం నిలబడింది.