గొప్ప కోచ్ ఎవరు?

(వేలూరు, గుడియాత్తం తెలుగు యువజనుల కూడికలో చేసిన ప్రసంగం)



ఫుట్‌బాల్‌లో గొప్ప కోచ్ ఎవరని అడిగితే అందరూ కప్పులు లెక్కపెడతారు. ఆ లెక్కన చూసినా మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు ముందుంటారు. ఆయన బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

అయితే నన్ను కదిలించింది ఆయన పెట్టిన ఒక నియమం. కుర్రాళ్లకు ఆయన డ్రిబ్లింగ్ లేని పోటీలు నడిపేవారు. బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకొని ఒక్కడే మెరిసిపోవడం కుదరదు, తోటివాడికి అందించాల్సిందే. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో పోటీ! శరీరంలో బలహీనమైన అవయవం కూడా అవసరమేనని పౌలు కొరింథీ సంఘానికి రాశాడు. రహీమ్ గారు ఆ మాటను మైదానంలో ఆడించి చూపారు.

సికింద్రాబాద్ అమ్ముగూడలో తమిళ దంపతులకు పుట్టిన పేద కుర్రాడు తులసీదాస్ బలరాం. శిక్షణకు రావడానికి డబ్బు లేదంటే, రహీమ్ గారు సైకిలు ఖర్చుకు సాయం చేశారు. ఆ బలరామే ఒలింపిక్స్‌లో ఆడాడు. 1962 జకార్తా జట్టులో బెంగాల్ చునీ గోస్వామి, పంజాబ్ జర్నైల్ సింగ్, గోవా ఫ్రాంకోలతో కలిసి బంగారు పతకం అందుకున్నాడు. ఫైనల్లో స్టేడియమంతా ఎదురు తిరిగి అరిచినా, మనవాళ్లు దక్షిణ కొరియాను 2-1తో ఓడించారు. క్యాన్సర్‌తో బాధపడుతూనే జట్టును నడిపిన రహీమ్ గారు 1963 జూన్ 11న కన్నుమూశారు.

ఇప్పుడు మన సంగతి. గుడియాత్తంలో బీడీలు చుట్టే ఇళ్లు, అగ్గిపెట్టెల పనికి వెళ్లే ఇళ్లు, మగ్గం నేసే ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు గ్రౌండు గట్టున నిలబడి చూస్తుంటే, బూట్లున్నవాళ్లే ఆడుతున్నారా? ఆడపిల్లలకు బంతి అందుతోందా? ఏ కులం, ఏ వీధి అని అడిగాకే జట్టులో చోటిస్తున్నామా?

మీలో కొందరు సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతున్నారు. మీరు కోచ్‌లే. తొంభైతొమ్మిదింటిని విడిచి ఒక్కదాని కోసం వెదికిన కాపరిని నమ్మినవాళ్లం మనం. రేపు ఆట మొదలయ్యే ముందు ఒక్కసారి గట్టువైపు చూడండి. అక్కడ నిలబడ్డ బిడ్డను పేరు పెట్టి లోపలికి పిలవండి.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక.