అక్షరాల వెనుక సామాను
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాట్యానికీ భోజనాలకూ మధ్య నాకు పది నిముషాలిచ్చారు. మాట్లాడబోయేది హెచ్.టి.ఎం.ఎల్. గూర్చి. భయపడకండి, ఇది కంప్యూటరు ఉద్యోగుల కోసం కాదు. మన సంఘం వెబ్ పేజీకి వ్యాసాలు టైపు చేసి పంపే మీకోసమే.

వెబ్ పేజీలో కనిపించే మాటల వెనుక కనిపించని గుర్తులుంటాయి. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది లింకు అని బ్రౌజరుకు చెప్పేవి అవే. తెరిచిన గుర్తును చాలావరకు మళ్ళీ మూయాలి. అయితే వర్డ్‌లో వ్రాసినదాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తే, ఫాంటు పేరు, సైజు, రంగు, మార్జిన్లు, ఖాళీ పేరాలు అన్నీ వెంట వచ్చేస్తాయి. చుట్టపుచూపుగా వచ్చినాయన మంచం, పరుపు కూడా తెచ్చుకున్నట్టు! బ్రౌజరు దయగలది కనుక, తప్పులున్నా సర్దుకుని ఏదో ఒకటి చూపిస్తుంది. అందుకే చెత్త మన కంటపడదు.

ఈ విషయంలో మన టొరంటోకు చరిత్ర ఉంది. ఇక్కడి సాఫ్ట్‌క్వాడ్ సంస్థ 1994లో హాట్‌మెటల్ అనే ఎడిటరు విడుదల చేసింది. అది పాతకాలపు బడిపంతులు వంటిది. వ్యాకరణం తప్పిన పేజీని తెరవనని మొండికేసేది. మామూలు మనిషికి అంత చాదస్తం పనికిరాదని నా అభిప్రాయం. తరువాత డేవ్ రాగెట్ తయారుచేసిన టైడీ దారి వేరు: మూయని గుర్తును తానే మూసి, ఏమి సరిచేసిందో చెబుతుంది. అదే మర్యాద.

సాఫ్ట్‌క్వాడ్ స్థాపకులలో ఒకరైన యూరీ రూబిన్‌స్కీ 1996లో చిన్న వయసులోనే పోయారు. చూపులేనివారికి వెబ్ అందాలని ఆయన పాటుపడ్డారు. శీర్షికను శీర్షికగా గుర్తించకుండా ఊరికే లావు అక్షరాలు చేస్తే, పేజీని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది శీర్షికని తెలియదు. చూపు మందగించిన తాతగారు మొత్తం విని వెతుక్కోవాలి.

ఇక అసలు సంగతి. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, ఆ తరువాత ఎన్నో ఏళ్ళు మనవాళ్ళు పాత ఫాంట్లతోనే నెట్టుకొచ్చారు. వాటిలో ఫైలులో ఉండేవి ఇంగ్లీషు అక్షరాలే. ఫాంటు గుర్తు మాత్రమే వాటిని తెలుగుగా చూపేది. శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్‌కు ఆ గుర్తు ఉత్త అలంకారం. మీట నొక్కగానే తీసేస్తుంది. అమ్మమ్మ వ్యాసం కాస్తా అర్థంలేని ఇంగ్లీషు గజిబిజి అవుతుంది. మన ఇళ్ళలో మీట నొక్కే మనవడికి తెలుగు చదవడం రాదు, చదవగలిగిన పెద్దవారికి ఆ మీట సంగతి తెలియదు. ఇంక పట్టుకునేదెవరు? కనుక ముందు యూనికోడ్‌లోకి మార్చాలి, తరువాతే గుర్తులు తీయాలి. ఆ మార్చే పనికి లోగడ ఫైర్‌ఫాక్స్‌లో ‘పద్మ’ అనే ఉపకరణం ఉండేది.

యూనికోడ్‌లోనూ ఒక చిక్కుంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ తరువాత కంటికి కనిపించని, వెడల్పులేని అక్షరం ఒకటుంది. అనవసరమని దాన్ని ఏరేస్తే, ‘వే’ కాస్తా వత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. ఇంగ్లీషు పేజీల కోసమే తయారైన సాధనాలకు ఈ సంగతి పట్టదు.

ఈ ఏడాది వ్యాసాలు పంపేవారు ఫార్మాటింగు లేకుండా అతికించండి. చాలా బ్రౌజర్లలో కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కితే చాలు. పాత సంచికల ఫైళ్ళు ఎవరి ఇంట్లోనైనా ఉంటే, దేనినీ శుభ్రం చేయకుండా, ఆనాటి ఫాంటుతో సహా తెచ్చివ్వండి. చదివే పెద్దవారొకరు, మీట నొక్కే పిల్లలొకరు పక్కపక్కనే కూర్చునేలా బల్లలు వేస్తాము.