మంచం మోసిన నలుగురు



వంటిల్లు సర్దుకుని కాసేపు నడుం వాల్చే వేళ ఇది. ఇప్పుడు బరువైన సంగతి ఎత్తుతున్నానని విసుక్కోకండి. ఏ ఇంటికైనా రాగల కష్టం గురించే చెబుతున్నాను.

2017 జూన్‌లో మా పెద్దబ్బాయి రోడ్డు ప్రమాదంలో పోయాడు. పంతొమ్మిదేళ్ల వాడు. భూస్థాపన అయింది, చుట్టాలు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. నా అసలు కష్టం అప్పుడు మొదలైంది. తెల్లవారితే మంచం దిగబుద్ధి కాదు. చిన్నపిల్ల బడికి వెళ్లిందో లేదో పట్టదు. ఒకనాడు పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే అలా చూస్తూ నిలబడ్డాను. కట్టేయాలని కూడా తోచలేదు.

ఊహ తెలిసినప్పటి నుంచీ ఆదివారం గుడి మానని దాన్ని. అలాంటి నాకు ప్రార్థన నోట రాలేదు. వచ్చినవాళ్లు "దేవుడి చిత్తం అమ్మా" అనేవారు. ఓదార్చాలనే అన్నారు, కాదనను. కానీ ఆ మాట విన్నప్పుడల్లా కడుపులో కత్తి తిప్పినట్టుండేది. నా బిడ్డను తీసుకుపోయిన దేవుణ్ణి నేనెందుకు స్తుతించాలి? ఈ కోపం పైకి చెబితే పాపమేమో, చెప్పకపోతే ఊపిరాడదు.

బైబిల్లో యోబు కథ మీలో చాలామంది వినే ఉంటారు. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబును చూడటానికి ముగ్గురు స్నేహితులు వచ్చారు. ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ ఒక్క మాటైనా మాట్లాడకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదే! తర్వాత నోళ్లు విప్పి, నువ్వేదో తప్పు చేసే ఉంటావని వాదించారు చూడండి, అది పుండు మీద కారం.

మా సంఘంలో ఒక పెద్దావిడ ఉన్నారు. అందరం పెద్దమ్మా అంటాం. ఆవిడ ఆ స్నేహితుల దగ్గర మొదటి వారం పాఠమే నేర్చుకున్నట్టున్నారు! రోజూ వచ్చి, చాప వేసుకుని, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేవారు. ఏమీ అడగరు. స్త్రీల సమాజం వాళ్లు వంతులు వేసుకున్నారు. ఒకరు అన్నం, కూర తెస్తే, ఇంకొకరు మా అమ్మాయికి జడ వేసి బడికి పంపేవారు. ఒకావిడ నా తలకు నూనె రాసి చిక్కు తీసింది.

బుధవారం ప్రార్థన కూటం మా ఇంట్లోనే పెట్టారు. "పెద్దమ్మా, నాకు కీర్తన పాడబుద్ధి కావడం లేదు. దేవుడంటేనే కోపంగా ఉంది" అన్నాను. మందలిస్తారనుకున్నాను.

"పాడకు. ఊరికే కూర్చో. నీ వంతు కూడా మేం పాడతాం" అన్నారు.

చాలా రోజుల తర్వాత ఆ రాత్రి నిద్ర పట్టింది.

నాలుగు నెలలైనా తేరుకోకపోతే, డాక్టరుకి చూపిద్దామన్నదీ ఆవిడే. మావారు జంకారు. "మానసిక వైద్యుడి దగ్గరికంటే నలుగురూ ఏమనుకుంటారండీ?" అన్నారు. "ఆ నలుగురం మేమేగా నాయనా! మేమేమీ అనుకోం, బయల్దేరు" అన్నారావిడ. డాక్టరుగారు డిప్రెషన్ అని మందులిచ్చారు. ఏడాది పైన వాడాను. ప్రార్థన ఉండగా మందులెందుకని ఒకరిద్దరు అన్నారు. 1883లో మా గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ అమ్మగారు దేవుని పనీ చేశారు, ఆడవాళ్లకు ఆస్పత్రి పెట్టి వైద్యమూ చేశారు. ఆ రెంటికీ పడదని ఆవిడ అనుకోలేదు. మనమెందుకు అనుకోవాలి?

మార్కు సువార్తలో ఒక పక్షవాత రోగి ఉన్నాడు. కపెర్నహూములో యేసు ఉన్న ఇంటికి అతన్ని నలుగురు మోసుకొచ్చారు. గుమ్మంలో జనం. వాళ్లు ఊరుకోకుండా పైకప్పు విప్పి, మంచంతో సహా కిందికి దించారు. యేసు ఆ మోసుకొచ్చినవాళ్ల విశ్వాసం చూశాడంటుంది సువార్త. రోగి ఒక్క మాట అడిగినట్టు కూడా లేదు! చిన్నప్పటి నుంచీ విన్న కథే. నేను మంచాన పడ్డాకే అర్థమైంది. మనలో నలుగురు మోయడమంటే ఆఖరి ప్రయాణమే గుర్తొస్తుంది. బతికుండగా మోసే నలుగురు దొరకడమే సంఘమంటే.

మరి దుఃఖం పోయిందా అంటారా? పోలేదండీ. వాడి నీలం చొక్కా ఇంకా బీరువాలోనే ఉంది. జూన్ వస్తే దాన్ని ఎండలో వేసి, మళ్లీ మడతపెడతాను. కానీ ఇప్పుడు పొయ్యి మీద పాలు పొంగనివ్వను. కీర్తన నేనే అందుకుంటున్నాను. ఎవరింట్లో కష్టం వచ్చినా ఆ వంతుల్లో నాకూ ఒక రోజు ఉంది. మొన్న ఒక తల్లి దగ్గరికి చిక్కుడుకాయలు పట్టుకుని వెళ్లాను. ఏమీ మాట్లాడలేదు.

మీది ఏ మతమైనా కానివ్వండి. మీ భజన మండలి కావచ్చు, మీ వీధిలో ఆడవాళ్లే కావచ్చు. దుఃఖంలో ఉన్న మనిషిని "ఏం కావాలి?" అని అడగకండి, ఆమెకే తెలియదు. క్యారియర్ పట్టుకుని వెళ్లండి. పదో రోజున అందరూ వెళ్తారు, మీరు మూడో నెలలో వెళ్లండి. వారాల తరబడి తిండీ నిద్రా లేకపోయినా, చచ్చిపోతే బాగుండునన్న మాట వచ్చినా, ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. 14416 నంబరుకి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. డబ్బేమీ అక్కర్లేదు.

ఒక్కరే మంచం మోయలేరు. ఒక కోడు మాత్రం మీరు పట్టుకోండి. మిగతా ముగ్గురు వాళ్లే వస్తారు.

ఇక సెలవు.